ఆకు తిన్న బెల్లం

పోయిన వారం జెరూషాని గోవాడ వెళ్ళే దారిలో, పెదబాబు బెల్లం పాక వెనకాల, నడినెత్తి ఎండలో చేతిలో మీటరుతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. మీటరు కూడా ఇంకా నాలుగు దగ్గరే ఉంది.

ఆ నాలుగు చూసి ఆమె అంతగా ఎందుకు బెదిరిందో మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. జెరూషా చోడవరంలో మోటార్లకి వైండింగ్ చేసే ఏసురత్నం కూతురు. విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. చెట్టు ఆకు చేసే పనిని చెట్టు లేకుండా చేయించాలన్నది ఆమె ఐదేళ్ళ పట్టుదల. ఆకు ఎండని పట్టుకుని నీటిని విడగొడుతుంది. అందులో ఆక్సిజన్‌ని గాలికి వదిలేసి, మిగిలినదాన్ని తీపిగా మార్చి తన ఒంట్లో దాచుకుంటుంది. జెరూషా చేసింది అరచెయ్యంత సిలికాన్ పలక, దాని మీద మాంగనీసు పూత. గాజు తొట్టెలో నీళ్ళు పోసి, పలకని నిలబెట్టి ఎండలో పెడితే ఒక పక్క హైడ్రోజన్, రెండో పక్క ఆక్సిజన్ బుడగలుగా పైకొస్తాయి. ఆ హైడ్రోజన్‌ని పట్టి దాచుకుంటే పొయ్యికైనా బండికైనా ఇంధనమే. అందుకే పాకలో అందరూ ఆ పలకని ఆకు అనే అంటారు.

ల్యాబులో ఈ ఆకు మొదటి రోజు గంటకి పధ్నాలుగు మిల్లీలీటర్ల హైడ్రోజన్ ఇచ్చేది. ఆరు రోజులు బతికి ఏడో రోజుకి చచ్చిపోయేది. బయటి ఎండలో, దుమ్ములో ఎలా ఉంటుందో చూద్దామని జనవరిలో తెచ్చి పెదబాబు పాక వెనక పెడితే, నలభై ఒక్క రోజులుగా గంటకి ముప్పై ఆరు ఇస్తోంది. ల్యాబులో పండగ చేసుకున్నారు. ప్రాజెక్టుని ఇంకో రెండేళ్ళు సాగనివ్వాలా, మార్చితో మూసెయ్యాలా అని తేల్చే కమిటీ ఈ ముప్పై ఆరుని కళ్ళారా చూడ్డానికి రేపు పొద్దున్నే వస్తోంది.

ఇన్నాళ్ళూ ఇక్కడ కొలిచింది హైడ్రోజన్ ఒక్కటే. ఆక్సిజన్ మీటరు ల్యాబు మొత్తానికి ఒకటే ఉంది, దాన్ని బయటికి పంపరు. కమిటీ పేరు చెప్పి ఈ రోజు ఆమె దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నీటిని విడగొడితే రెండు పాళ్ళు హైడ్రోజన్‌కి ఒక పాలు ఆక్సిజన్ వచ్చి తీరాలి. ముప్పై ఆరుకి పద్దెనిమిది. మీటరు నాలుగు అంటోంది. ఇదీ సంగతి.

ముందు మీటరుని అనుమానించింది. గాలిలో పెట్టి చూస్తే సరిగ్గానే చూపించింది. తర్వాత గొట్టాలని అనుమానించి, అతుకు అతుక్కీ సబ్బు నురగ రాసి చూసింది. ఎక్కడా చిన్న బుడగ కూడా లేవలేదు. ఆక్సిజన్ కారిపోవడం లేదు, అసలు పుట్టడమే లేదు. మరి హైడ్రోజన్ ఎక్కడ్నుంచి వస్తున్నట్టు? తల పట్టుకుని తొట్టె పక్కన నేల మీద కూలబడింది. అప్పుడు కళ్ళెదురుగా కనిపించాయి చీమలు.

చీమలు కొత్తగా రాలేదు. నెల రోజుల నుంచీ తొట్టె పెట్టిన స్టాండు కాళ్ళ మీద బారులు కట్టి ఎక్కుతూనే ఉన్నాయి. మన జెరూషా ఏం చేసిందో తెలుసా? చోడవరం బజారులో చీమల సుద్ద కొని నాలుగు కాళ్ళ చుట్టూ నాలుగు గీతలు గీసింది. తొట్టెలో నీళ్ళు పల్చటి టీ రంగులోకి మారితే, పూత కాస్త కరుగుతోంది కాబోలని నోటుపుస్తకంలో రాసుకుని వారానికోసారి నీళ్ళు మార్చింది. ఐదేళ్ళుగా కంటికి కనబడని ఎలక్ట్రాన్ల వెంట పరిగెడుతున్న మనిషి, ఉత్త నీళ్ళకి చీమలెందుకు వస్తున్నాయని ఒక్క రోజు కూడా అడగలేదు. ఇంట్లో వాళ్ళమ్మ జ్ఞానమ్మయితే అర నిమిషంలో కనిపెట్టేది.

చీమల బారు స్టాండు ఎక్కి, తొట్టె అంచు మీదుగా, నీళ్ళు పోసే మూత దగ్గర ఆగింది. మూత తిప్పి చూస్తే లోపలి అంచు చేతికి అంటుకుంది. బంకగా ఉంది. ఎర్రటి పలుకొకటి మర పళ్ళలో ఇరుక్కుని ఉంది. బెల్లం పాక వెనక అదేమిటో చెప్పడానికి ఏ మీటరూ అక్కర్లేదు.

పాకలో రెండో పెనం ఉడుకుతోంది. అచ్చియ్యమ్మ చిల్లుల గరిటెతో నురగ తీసి పక్క డబ్బాలో పోస్తోంది. ఆవిడ మొగుడు పెదబాబు పొయ్యి నోట్లోకి చెరుకు పిప్పి తోస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ఐదో తరగతి దాకా చదివాడు. అతని చెరుకు క్రషర్ మోటారు కాలినప్పుడల్లా బాగు చేసేది ఏసురత్నమే. ఆ స్నేహం కొద్దీ ఏసురత్నం కూతురు అడగ్గానే పాక వెనక చోటిచ్చాడు. రోజూ తొట్టెలో బ్యాటరీ నీళ్ళు పోసి, అద్దం తుడిచి, రీడింగు చూసి, ఆమె ఇచ్చిన షీటులో రాసి సంతకం పెట్టే పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు.

జెరూషా ఆ మూత తీసుకొచ్చి అతనికి చూపించింది. ఇది ఎవరు చేశారో తెలుసా మావయ్యా అని అడిగింది.

"నానే ఏసేనమ్మా," అన్నాడు పెదబాబు. "ఏం, సాల్లేదా?"

ఆ మాటతో ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెదబాబు మొహంలో తప్పు చేసినవాడి ఛాయలు మచ్చుకైనా లేవు. ఇంకాస్త వెయ్యాలా అన్నట్టు చూస్తున్నాడు.

"రోజూ తొలి పెనం దిగీసరికి పొయ్యికి సిటికెడు, క్రషర్‌కి సిటికెడు ఏసీసి అప్పుడు మేం నోట్లో ఏసుకుంటాం," అన్నాడు. "మా నాయన కాడ్నించీ అలగే. పని సేసీదానికి నోరు తీపి సెయ్యకుండా మనం ఎలగ తింటాం? నీ ఆకు కూడా పొద్దు పొడిసిన కాడ్నించీ ఇక్కడే కష్టపడతంది గదా. ఏటి తింటాదమ్మా అని తొలిరోజు అడిగితే, ఎండా నీళ్ళూ అన్నావు. నాకు ఉసూరుమనిపించింది."

చెరుకు ఆకు ఎండ తాగి చెరుకులో తీపి నింపుతుందని, ఈ గాజు తొట్టెలోదీ అలాంటి ఆకేనని అతనికి వివరంగా చెప్పింది తనే. అంత బాగా చెప్పినందుకు ఇప్పుడు తన్ను తనే తిట్టుకుంది. మరి షీటులో ఎందుకు రాయలేదని అడిగింది.

"నీళ్ళు పోసేవా అనుంది, పోసేనని రాసేను. అద్దం తుడిసేవా అనుంది, తుడిసేనని రాసేను. బెల్లం ఏసేవా అని ఎక్కడా నేదమ్మా. ఉంటే రాయనా?"

ఆ షీటు తయారు చేసింది జెరూషాయే. ఎండ, దుమ్ము, వేడి, పిట్ట రెట్ట, అన్నిటికీ గళ్ళు గీసింది. మనిషి ప్రేమకి గడి గియ్యాలని ఆమెకి తోచలేదు.

ఏం జరిగిందో ఇప్పుడు అద్దంలోలా కనిపిస్తోంది. నీటిని విడగొట్టడం కష్టమైన పని. బెల్లాన్ని విరగ్గొట్టడం తేలిక. ఆకు కూడా మనలాంటిదే, తేలిక పని దొరికితే కష్టమైనది ఎందుకు చేస్తుంది? నీళ్ళని పక్కనబెట్టి బెల్లాన్ని విరగ్గొట్టుకుంటూ కూర్చుంది. అందుకే హైడ్రోజన్ అంత దండిగా వచ్చింది. అందుకే ఆక్సిజన్ రాలేదు. దేశంలో ఎవరికీ రాని ముప్పై ఆరు పెదబాబు పెట్టిన ప్రసాదం.

పెదబాబుకి ఇదంతా నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది. అతను విన్నాడు. చేతిలో ఉన్న పిప్పి కింద పడేశాడు. అయితే నా వల్ల నీ చదువు పోతాదా అని అడిగాడు. ఆమె పోదని అబద్ధం చెప్పలేక, ఫోన్ చెయ్యాలంటూ రోడ్డు వైపు నడిచింది.

గణపతిరావు ఆమె గైడు. ఐదేళ్ళ నుంచీ ఆమెని కూతురిలా చూసుకుంటున్నాడు. మంచివాడు. ల్యాబులో ఇంకా నలుగురు పిల్లలు ఇదే ప్రాజెక్టు మీద ఆధారపడి ఉన్నారు, వాళ్ళ భారమూ ఆయనదే. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. గోవాడ వైపు చెరుకు లోడుతో ట్రాక్టరొకటి పెద్ద చప్పుడుతో దాటిపోయేదాకా జెరూషా ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది.

చివరికి ఆయన తొట్టె శుభ్రంగా కడిగెయ్యమన్నాడు. కొత్త నీళ్ళు పోసి, రేపు ఆకుని చూపించమన్నాడు. పాత అంకెలు స్లయిడ్లలో ఎలాగూ ఉన్నాయి, రేపటి రీడింగు తక్కువైతే ఆ రోజు ఎండ బాలేదని చెప్పొచ్చన్నాడు.

"నిన్ను అబద్ధం ఆడమనడం లేదమ్మా," అన్నాడు. "అడిగితే చెప్పు. అడక్కపోతే ఊరుకో. వాళ్ళు వెళ్ళిపోయాక మనం మళ్ళీ చేసి సరిదిద్దుకుందాం. రెండేళ్ళ టైముంటుంది మనకి."

నిజం చెప్పాలంటే జెరూషాకి ఆ మాట నచ్చింది. ఎవరికి నచ్చదు? సరే సార్ అంది. అనేసి ఫోన్ పెట్టేసింది. వెనక్కి వచ్చి, పాత నీళ్ళు ఒక సీసాలో పట్టి మూత బిగించి, తొట్టెని ఏడుసార్లు కడిగింది. ఆకుని పైకి తీసి మెల్లగా కడిగి మళ్ళీ పెట్టింది. డబ్బాలోంచి కొత్త నీళ్ళు పోసి, నీళ్ళలో కరెంటు పారడానికి ల్యాబు నుంచి తెచ్చిన ఉప్పు తూచి కలిపింది. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలింది.

పాకలోకి వస్తే పెదబాబు గోనెపట్టా మీద కూర్చుని ఏదో రాస్తున్నాడు. పక్కన ఆ షీట్ల కట్ట ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఒక్కో రోజు గీతకి చివర, ఖాళీగా ఉన్న అంచులో, వంకరటింకర అక్షరాలతో బెల్లం అని రాసి, కింద సంతకం పెడుతున్నాడు. గంట నుంచీ అదే పని అని అచ్చియ్యమ్మ చెప్పింది. పెనం దించడానికి పిలిచినా లేవలేదట.

జెరూషాకి కంగారు పుట్టింది. ఇప్పుడెందుకు మావయ్యా ఇదంతా అంది.

"ఏసినప్పుడు తెల్దు, రాయలేదు," అన్నాడు పెదబాబు తలెత్తకుండా. "ఇప్పుడు తెలిసింది గదా. తెలిసేక రాయకపోతే అది దొంగ సంతకం అవ్వదేటమ్మా?"

ఆమె కట్ట తీసుకుని పేజీలు తిప్పింది. నలభై ఒక్క రోజుల్లో మూడు గీతల దగ్గర మాత్రం అంచు ఖాళీగా ఉంది. మరిచిపోయాడేమో అనుకుని అడిగింది. మరిచిపోలేదట. ఆ మూడు రోజులూ పొయ్యి వెలగలేదు. రెండు రోజులు మోటారు కాలిపోయి ఏసురత్నం దగ్గర ఉంది, ఒక రోజు రోలుగుంటలో పెళ్ళికి వెళ్ళారు. పెళ్ళికి బయల్దేరే ముందు ఆకుకి నీళ్ళు పోసి వెళ్ళాడు గానీ బెల్లం వెయ్యలేదు.

జెరూషా సంచిలోంచి తన నోటుపుస్తకం తీసి ఆ తేదీలు వెతికింది. ఆ మూడు రోజులూ హైడ్రోజన్ పడిపోయింది. ముప్పై ఆరు కాస్తా ఇరవైకి, అంతకంటే కిందికి దిగింది. దాని పక్కన తన చేత్తో తనే రాసుకుంది, మబ్బు కావచ్చునని. మూడు రోజులూ ఫెళ్ళుమని ఎండ కాసిందని అదే పేజీలో పై వరసలో ఉంది.

అనుమానం ఉంటే ఊరుకోవచ్చు. ఇక్కడ రుజువు చేతికొచ్చింది. అది కూడా ఐదో తరగతి చదివిన మనిషి తనంతట తాను సంతకం పెట్టి ఇచ్చిన రుజువు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని, రేపు పొద్దున్న వాటిని తియ్యకుండా స్లయిడ్లు చూపించడం తన వల్ల కాదని జెరూషాకి తెలిసిపోయింది. ఏడుపు వచ్చింది. ఆటో ఎక్కి చోడవరం చేరేదాకా ఏడ్చింది. గైడుకి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి కారు పాక ముందు ఆగింది. గణపతిరావుతో బాటు కమిటీ నుంచి ఇద్దరు దిగారు. ఒకాయన దిగుతూనే నీడ కోసం వెతుక్కుని, పాక చూరు కింద కుర్చీ వేయించుకున్నాడు. రెండో ఆవిడ ఝాన్సీ, హైదరాబాదు నుంచి వచ్చింది, రసాయనశాస్త్రంలో చెయ్యి తిరిగిన మనిషని పేరు. ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడదు. నేరుగా తొట్టె దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

గణపతిరావు జెరూషా వైపు చూశాడు. లాప్‌టాప్ తెరవమన్నట్టు తలాడించాడు. జెరూషా లాప్‌టాప్ తెరవలేదు. సంచిలోంచి షీట్ల కట్ట తీసి ఝాన్సీ చేతికిచ్చింది.

"మేడమ్, మీకు పంపిన ముప్పై ఆరు నీళ్ళ నుంచి వచ్చింది కాదు," అంది. "అందులో ఎక్కువ భాగం బెల్లం నుంచి వచ్చింది. నిన్న మధ్యాహ్నం తెలిసింది. తప్పు నాది."

తర్వాత అంతా చెప్పింది. తొలి పెనం సంగతి, మూత సంగతి, ఆక్సిజన్ సంగతి, మూడు ఖాళీ గీతల సంగతి. చీమల సుద్ద గీతలు కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఒక్కసారి కూడా పెదబాబు తప్పనలేదు. ఆ షీటులో గడి లేకపోవడమే తప్పంది. పెదబాబు పాక గుంజని పట్టుకుని నిలబడి వింటున్నాడు. తన పేరు వచ్చినప్పుడల్లా అవునన్నట్టు తలూపాడు.

ఝాన్సీ కాగితాలన్నీ తిప్పి చూసి, మీకు ఎప్పుడు తెలిసిందని గణపతిరావుని అడిగింది.

గణపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కాస్త సమయంలో ఆయన ఏమైనా చెప్పి బయటపడగలడు. ఇప్పుడే విన్నానంటే కాదనడానికి జెరూషాకి నోరు రాదు.

"నిన్న మధ్యాహ్నమే, మేడమ్," అన్నాడాయన. "తెలిసిన గంటలోనే చెప్పింది. మీకు చెప్పొద్దన్నది నేను."

జెరూషాకి ఆయన మీద ఉన్న గౌరవం నిన్న కొంత తగ్గింది. ఇప్పుడది మళ్ళీ మొదటి చోటికి వచ్చేసింది. ప్రాజెక్టు మాత్రం పోయినట్టేనని ఇద్దరికీ అర్థమైంది. చూరు కింది పెద్దాయన కుర్చీలోంచి లేచి, అయితే ఇంక చూడ్డానికేముంది, ఎండ ముదరకముందే బయల్దేరదామన్నాడు. డ్రైవరు కారు తలుపు తీశాడు.

ఝాన్సీ కదల్లేదు. ఈ రోజు రీడింగు ఎంత అని అడిగింది.

పదమూడు, అంది జెరూషా. పొద్దున్న ఎనిమిదింటికి చూసినప్పుడే ఆ పదమూడు ఆమె ప్రాణం తీసింది. ముప్పై ఆరు చూసిన కళ్ళకి పదమూడు ఎలా ఆనుతుంది? ఆక్సిజన్ ఎంత అని అడిగింది ఝాన్సీ. ఆరున్నర.

"పదమూడుకి ఆరున్నర," అంది ఝాన్సీ. "సరిగ్గా సగం. అంటే ఇది ఇప్పుడు నీళ్ళనే విడగొడుతోంది. ఈ పలక ఎప్పుడు మార్చావు?"

"మార్చలేదు మేడమ్. మొదట్నుంచీ ఇదే."

"ఇవాళ్టికి?"

"నలభై రెండో రోజు."

"ల్యాబులో ఆరు రోజులకి చచ్చిపోతోందని నువ్వే రాశావు."

జెరూషా తొట్టె వైపు తిరిగింది. నిన్నటి నుంచీ పోయిన ముప్పై ఆరు కోసం ఏడుస్తూ కూర్చుంది గానీ, చావవలసిన ఆకు ఇంకా కొత్తదానిలా పని చేస్తోందన్న సంగతి ఆమె బుర్రకి ఎక్కనే లేదు. గణపతిరావు గబగబా తొట్టె దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఖరీదైన ప్యాంటుకి మసి అంటుకుంటున్నా చూసుకోలేదు.

చెట్టు ఆకులో కూడా నీటిని విడగొట్టే భాగం ఎండకి దెబ్బ తింటూనే ఉంటుంది, దాన్ని ఆకు ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకుంటుంది. మనుషులు చేసిన ఆకులకి ఆ మరమ్మతు తెలియక అన్నీ చచ్చిపోతున్నాయి. ప్రపంచంలో ఎందరో తల బద్దలు కొట్టుకుంటున్నది ఇక్కడే. ఈ తొట్టెలో ఏదో పడింది, అది ఆకుని చావనివ్వలేదు. బెల్లం కాదు. చక్కెర కలిపి చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ పలకలేవీ ఇన్నాళ్ళు బతకలేదు. బెల్లంతో బాటు వచ్చిందేదో అయ్యుండాలి. ఇదంతా ఝాన్సీ నాలుగు మాటల్లో చెప్పి, పెదబాబు వైపు తిరిగింది. పాకంలో ఏమేం కలుపుతారు బాబూ అని అడిగింది.

"మడ్డి తేలీదానికి సున్నపు తేట ఏస్తాను," అన్నాడు పెదబాబు. "అది అందరూ ఏసీదే."

"ఇంకా?"

పెదబాబు గుంజ వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకా అన్న మాట అతన్ని చాలామంది అడిగారు. అనకాపల్లి మార్కెట్లో అతని బెల్లం దిమ్మని రంగు చూసి దూరం నుంచే పోల్చుకుంటారు. అదెలా వస్తుందో చెప్పమని చుట్టుపక్కల పాకలవాళ్ళు బతిమాలారు, కొందరు తాగించి కూడా అడిగారు. అటక మీద మూత బిగించిన ఒక రేకు డబ్బా ఉంటుందని, అందులో పొడి ఏమిటో కొడుకులకి కూడా చెప్పలేదని ఏసురత్నం ఇంట్లో ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. జెరూషాకి అది గుర్తొచ్చింది.

"అది సెప్పనమ్మా," అన్నాడు పెదబాబు, ఝాన్సీతో కాదు, జెరూషాతో. "మా నాయన పోయీముందు నా సేత ఒట్టేయించుకున్నాడు. నువ్వడిగినా సెప్పను. నన్ను ఇంకేటన్నా అడుగు."

నిన్న అడిగీ అడగముందే అన్నీ చెప్పి సంతకాలు పెట్టిన మనిషి, ఇప్పుడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మాట తప్పించడం ఎవరి తరమూ కాదని జెరూషాకి తెలుసు. అతన్ని ఇంకోసారి అడగడానికి ఆమెకి మనసొప్పలేదు కూడా. ఝాన్సీ తమ రిపోర్టు సోమవారం వెళ్ళిపోవాలని, కారణం తెలియకుండా బతికిందని మాత్రమే రాస్తే ఎవరూ ఒప్పుకోరని, ప్రాజెక్టు అక్కడితో ఆగిపోతుందని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ రోజు శుక్రవారం.

అప్పటిదాకా పెనం దగ్గర నురగ తీస్తూ, ఇటు తల కూడా తిప్పని అచ్చియ్యమ్మ గరిటె పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఇవతలికి వచ్చింది.

"ఆయన సెప్పినా మీకు పనికిరాదమ్మా," అంది. "ఆ డబ్బాలో పొడి పదేళ్ళ బట్టీ పొయ్యిలోకే ఎల్తంది. నానే పోస్తన్నాను. పాకంలోకి ఎల్లీది వేరే."

పెదబాబు భార్య వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. మార్కెట్లో పదేళ్ళుగా అందరూ మెచ్చుకుంటున్న రంగు, తండ్రికి ఇచ్చిన మాట, తన పేరు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి.

"ఏటే నువ్వంటన్నది?" అన్నాడు.

అచ్చియ్యమ్మ పెద్దాయన ఖాళీ చేసిన కుర్చీని అతని వైపు జరిపింది.

"ముందు నువ్వు కూకో," అంది.